అంటుకోని పొర

ఫిబ్రవరి 9

కళ్ళ డాక్టరమ్మ రాయమంది. "ఏ రోజు నొప్పి వచ్చింది, పదికి ఎన్ని మార్కుల నొప్పి, ఎంతసేపు ఉంది, ఒక పుస్తకంలో రాసుకురండి" అంది. బడి వదిలి ముప్పై ఏళ్ళయినా మార్కుల గొడవ వదల్లేదు. రాస్తున్నాను.

ఎడమ కన్ను. పొద్దున నాలుగుంబావు, నిద్ర లేస్తూనే. పదికి ఎనిమిది. పది నిమిషాలు కన్ను తెరవలేదు. తర్వాత గంట దాకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఐదూ పదికి మొదటి బస్సు తీశాను.

ఈ చివరి వాక్యం డాక్టరమ్మ చూడకూడదు. రెండు పుస్తకాలు పెట్టాలి. శుభ్రంగా ఎత్తి రాసింది ఆవిడకి, ఇది నాకు.

ఫిబ్రవరి 10

లేదు.

ఫిబ్రవరి 11

లేదు. రేపు కూడా ఉండదు.

ఫిబ్రవరి 12

పదికి తొమ్మిది. పది ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి ఒక మార్కు మిగిల్చాను.

అలారం మోగింది, అలవాటు కొద్దీ కళ్ళు తెరిచాను, ఎడమ కంట్లో బ్లేడు పెట్టి గీసినట్టయింది. కేక పెట్టేశాను. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "మళ్ళీనా?" అంది. మళ్ళీనే. ఒక కన్ను పొడిస్తే రెండోది కూడా తెరుచుకోదు, వాటి మధ్య అదేం చుట్టరికమో. రెండూ మూసుకుని మంచం అంచున కూర్చుంటే నీళ్ళు గడ్డం దాకా కారి చొక్కా తడిసింది.

"ఇవాళ సెలవు పెట్టండి" అంది. ఈ నెలలో అప్పుడే మూడు పెట్టాను. నాలుగోది పెడితే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి.

ఫిబ్రవరి 16

డాక్టరమ్మ గడ్డం ఆనించి కూర్చోమని, కంట్లో పసుపు మందు చుక్క వేసి, నీలం దీపంతో చూసింది. మొదటి నుంచీ చెప్పమంది. చెప్పాను.

పోయిన నవంబరులో, చివరి స్టాపులో బస్సు ఆపి ఉంది. మా కండక్టరు వెనక నుంచి ట్రిప్ షీటు అందించింది. సరిగ్గా అప్పుడే నేను తల తిప్పాను. కాగితం అంచు కంటిని కోసింది. మూడు రోజులు కట్టు కట్టారు, మానింది, మర్చిపోయాం. జనవరిలో ఒక పొద్దున కన్ను తెరిచేసరికి ఇది మొదలైంది.

"మానింది పైకే" అంది డాక్టరమ్మ. నల్లగుడ్డు మీద సన్నటి పొర ఉంటుందట. కాగితం కోసిన చోట ఆ పొర కొత్తగా పెరిగింది గానీ కిందదానికి అతుక్కోలేదు. "గోడకి సరిగ్గా అంటని సున్నం చూశారా? అలాగే. నిద్రలో కన్ను పొడిబారి రెప్పకి అంటుకుంటుంది. మీరు రెప్ప ఎత్తగానే పెచ్చు ఊడొస్తుంది. మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ ఊడుతుంది."

"ఎన్నాళ్ళు?"

"చెప్పలేను. కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు."

పగలు చుక్కల మందు, పడుకునే ముందు ఉప్పు కలిపిన మందు రాసింది. పుండు మీద కారం చల్లడం విన్నాను గానీ కంట్లో ఉప్పు రాయడం ఇదే మొదలు. పొద్దున కళ్ళు తెరవకముందే చుక్కలు వేయించుకోవాలట. "ఏం పని చేస్తారు?" అని అడిగింది. డిపోలో అన్నాను. అబద్ధం కాదు.

ఫిబ్రవరి 23

పద్ధతి కుదిరింది. మెలకువ రాగానే కళ్ళు మూసుకునే "ఏమేవ్" అంటాను. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి రెప్ప అంచున చుక్కలు వేస్తుంది. లోపల గుడ్డు అటూ ఇటూ తిప్పుకుని, ఇరవై లెక్కపెట్టి, నెమ్మదిగా తెరుస్తాను. "పెళ్ళయిన కొత్తలో కూడా నాకోసం ఇంత ఎదురుచూడలేదు మీరు" అంటుంది.

వారంలో ఒక్కసారే వచ్చింది. పదికి నాలుగు. తగ్గుతున్నట్టే.

మార్చి 5

ఎనిమిది. తగ్గడం లేదు.

డిపోలో తెలిస్తే ఏమవుతుందో రాసి పెడతాను, రోజూ బుర్రలో తిప్పుకోవడం తప్పుతుంది. డాక్టర్ల బోర్డు ముందు నిలబెడతారు. సీటు నుంచి దింపేస్తారు. షెడ్డులో బస్సులు కడిగే దగ్గరో, టైర్ల గదిలోనో కూర్చోబెడతారు. మాలో ఒకడికి పోయిన ఏడాది అలాగే అయింది. వాడిప్పుడు బస్సు బయటికి వెళ్తుంటే తలెత్తి చూడడు. ఇరవై రెండేళ్ళు ఆ సీటులో కూర్చున్నాను. అది దిగితే నేనెవరినో నాకే తెలియదు. భయంగా ఉంది.

మార్చి 11

చెల్లెమ్మకి తెలిసిపోయింది. చెల్లెమ్మ అంటే మా కండక్టరు. మూడేళ్ళుగా ఇద్దరం ఒకే బస్సు. నన్ను అన్నయ్యా అంటుంది. వాళ్ళమ్మకి చెవుడు కావడంతో గట్టిగా మాట్లాడటం అలవాటు. ఆమె గొంతుకి వెనక సీటులో నిద్రపోయేవాడు కూడా లేచి టికెట్టు అడుగుతాడు.

ఇవాళ రెండో ట్రిప్పులో ఎండ కొట్టి ఎడమ కంట్లో ధార కట్టింది. తుడుచుకుంటూ నడుపుతున్నాను. ఆమె వచ్చి నా సీటు వెనక నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి అన్నయ్యా?"

"దుమ్ము పడిందమ్మా."

"జనవరి నుంచీ దుమ్మేనా?"

చెప్పేశాను. ఆమె నా సీటు వెనక కమ్మీ పట్టుకుంది.  తర్వాత, "నా కాగితమే కదా" అంది.

మిగతా దారంతా అక్కడే నిలబడి చెప్పుకుంటూ వచ్చింది. ఎడమ పక్క సైకిలు. ఆ ముసలాయన దాటతాడు, ఆగండి. ఎర్రలైటు. నాకు కనబడుతూనే ఉంది, అయినా చెబుతుంటే ధైర్యంగా ఉంది.

మార్చి 28

డాక్టరమ్మ కంటికి కట్టులాంటి లెన్సు పెట్టింది. ఊరికే పొరని కాపాడటానికి. పెట్టినట్టే తెలియలేదు.

ఏప్రిల్ 4, 5, 6, 7

లేదు. లేదు. లేదు. లేదు.

ఏప్రిల్ 15

లెన్సు తీసేసింది. "ఇప్పటికి బాగుంది" అంది. మా ఆవిడకి గాజులు కొనాలనిపించింది.

ఏప్రిల్ 24

తొమ్మిది.

ఏప్రిల్ 26

మంచం మీద నిద్ర పట్టడం లేదు. పడితే లేవాలి కదా, ఆ భయం. దాంతో చివరి స్టాపులో పాతిక నిమిషాల విరామంలో స్టీరింగు మీద తల పెడుతున్నాను. అక్కడ వెంటనే పడుతుంది. బస్సు బయల్దేరే ముందు చెల్లెమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసి "తెరవకండి" అంటుంది. చుక్కలు వేసి, ఇరవై లెక్కపెట్టి, "ఇప్పుడు" అంటుంది. జనం నన్ను చూడకుండా తలుపు దగ్గర అడ్డంగా నిలబడుతుంది.

తప్పే. ఇద్దరికీ తెలుసు. ఇంకొన్నాళ్ళే.

మే 1

నిన్న.

రాయలేను.

మే 3

రాస్తాను.

మధ్యాహ్నం, చివరి స్టాపు. నిద్రపోతున్నాను. జనం చాలా మంది ఉన్నారు, ఆమె తలుపు దగ్గర నిలబడి టికెట్లు కొట్టి ఎక్కిస్తోంది. టైం దాటిపోయింది. ఎవరో ఆలస్యమైందని అరిచారు. ఆమె చెయ్యి అలవాటుగా బెల్లు తాడు మీదికి వెళ్ళింది. రెండు బెల్లులు. రెండు బెల్లులంటే పోనివ్వమని. ఇరవై రెండేళ్ళుగా ఆ రెండు బెల్లులకి నా కాళ్ళే కదులుతాయి, నన్ను అడగవు.

ఉలిక్కిపడి లేచి కళ్ళు తెరిచాను. పొర ఊడింది. రెండు కళ్ళూ మూసుకుపోయాయి. కాళ్ళు మాత్రం ఆగలేదు. బ్రేకు వదిలాయి, బస్సు కదిలింది. రెండు సెకన్లో, మూడో. చెల్లెమ్మ "అన్నయ్యా!" అని అరిచింది. బ్రేకు తొక్కాను.

ఒక పెద్దావిడ అప్పుడే మెట్టు మీద కాలు పెట్టిందట. రిటైరైన పంతులమ్మ. కింద పడింది. తుంటి ఎముక విరిగింది.

బస్సు కదిలించే ముందు తలుపు వైపు అద్దం చూడాలి. చూసి ఉంటే కనబడేది. ఆ అద్దం చూసే కన్ను ఎడమదే.

బెల్లు కొట్టింది ఆమే కదా. కొట్టింది. అది మాత్రం నిజం.

మే 7

విచారణ. మేనేజరు గదిలోకి ముందు ఆమెని పిలిచాడు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. పావుగంటకి వచ్చింది. నా పక్కన కూర్చుని, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"మెట్టు మీద మనిషి ఉండగానే తొందరపడి బెల్లు కొట్టానని రాసిచ్చాను."

"కన్ను సంగతి?"

"ఏ కన్ను?" అంది. "అది బయటికొస్తే మీ సీటు పోతుందన్నయ్యా. నాకు మహా అయితే నెల రోజులు పక్కన పెడతారు. నా కాగితంతోనే కదా మొదలైంది."

లోపలికి వెళ్ళాను. మేనేజరు "రెండు బెల్లులు విన్నావా?" అని అడిగాడు. విన్నానన్నాను. "అద్దం చూశావా?" అన్నాడు. చూశాను, మనిషి కనబడలేదన్నాను. సంతకం పెట్టమన్నాడు.

ఆమెది ఇంకా పర్మనెంటు ఉద్యోగం కాదు. నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. బల్ల మీద కూర్చున్నప్పుడు ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

మే 8

ఏడు.

మే 21

ఆమెని తీసేశారు. నెలకి కాదు, పూర్తిగా. కాంట్రాక్టు వాళ్ళకి పక్కన పెట్టడాలు ఉండవట, తీసెయ్యడమే. అప్పీలు పెట్టుకోవచ్చట. జూన్ 14, పదకొండు గంటలకి, పెద్దాఫీసులో. ఆ రోజు బస్సు డ్రైవరు వచ్చి చెబితే పునరాలోచిస్తారట.

మా ఆవిడతో, "ఆ అమ్మాయి తొందరపడింది, ఏం చేస్తాం" అన్నాను. మా ఆవిడ పప్పులో రాళ్ళు ఏరుతోంది, తలెత్తలేదు.

మే 29

డాక్టరమ్మ ఇంక మందులతో లాభం లేదంది. ఊడే పొరని పూర్తిగా గీకేసి, కింద లేజరుతో సన్నగా గరుకు చేస్తారట. కొత్త పొర గట్టిగా పట్టుకుంటుంది. పదిమందిలో ఎనిమిదిమందికి మళ్ళీ రాదట. వరుసలో నా వంతు జూన్ 21.

14 ముందు వస్తుంది. 21 తర్వాత వస్తుంది. వారం తేడా. అప్పీలు ఒక వారం వెనక్కి జరిగినా, లేజరు ఒక వారం ముందుకి జరిగినా నేను మంచివాణ్ణి అయిపోయేవాణ్ణి.

జూన్ 6

చెల్లెమ్మ ఫోన్ చేసింది. "పద్నాలుగున వస్తారు కదా అన్నయ్యా? కన్ను మాట చెప్పక్కర్లేదు. జనం ఎక్కువగా ఉన్నారని, టైం దాటిందని చెప్పండి చాలు." వస్తానన్నాను. తప్పకుండా వస్తానన్నాను.

అక్కడ కూర్చోబెట్టి అడిగితే ఒక్క ప్రశ్నతో ఆగరు. అద్దం దగ్గరికి వస్తారు. అద్దం దగ్గర నుంచి కన్ను దగ్గరికి రావడానికి ఎంతసేపు?

జూన్ 11

ఆరు. అప్పీలుకి వెళ్తాను.

జూన్ 13

లేదు. చొక్కా ఇస్త్రీ చేయించాను.

జూన్ 14

నొప్పి. పదికి ఎనిమిది. లేవలేకపోయాను. మధ్యాహ్నం దాకా కళ్ళు తెరవలేదు.

మా ఆవిడ చుక్కలు వేస్తూ, "కన్ను ఎర్రగా లేదే" అంది. లోపల ఉందన్నాను.  సీసా మూత పెట్టి వెళ్ళిపోయింది. ఫోను మూడుసార్లు మోగింది.

జూన్ 16

లేజరుకి ముందు పరీక్ష. డాక్టరమ్మ పుస్తకం చూసింది. "పద్నాలుగున ఎనిమిదా? ఇక్కడ గాయం గుర్తే లేదు. ఈసారి తొందరగా మానింది, మంచిదే" అంది.

జూన్ 18

అప్పీలు కొట్టేశారు.

జూన్ 22

నిన్న అయింది. కంటికి మత్తు చుక్కలు వేసి, రెప్పలు మూసుకోకుండా క్లిప్పు పెట్టి, పొర గీకారు. నొప్పి లేదు, గీకుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. తర్వాత ఎర్ర చుక్కనే చూడమన్నారు. టకటకమని చప్పుడు, కాలిన వెంట్రుకల వాసన. నిమిషం కూడా పట్టలేదు. ఇందుకా ఇంత అనుకున్నాను.

ఇవాళ మత్తు దిగింది. ఆ రోజు మిగిల్చిన మార్కు వేస్తున్నాను. పది.

జూన్ 24

పది. మా ఆవిడ చుక్కలు వేస్తుంది, మాట్లాడదు.

జూలై 2

లేజరు తర్వాత పెట్టిన లెన్సు తీశారు. మసగ్గా ఉంది. పొగలోంచి చూసినట్టు. తగ్గుతుందంటున్నారు. డిపోకి అత్తగారి ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్నానని సెలవు పెట్టాను. మా అత్తగారు పోయి తొమ్మిదేళ్ళు.

జూలై 3 నుంచి 29 దాకా

లేదు. ప్రతి రోజూ రాయడం దండగ.

జూలై 30

జూన్ 14న నొప్పి లేదు.

నాలుగింటికే మెలకువ వచ్చింది. కళ్ళు మూసుకునే ఉన్నాను. చుక్కలు వేయించుకున్నాను, ఇరవై లెక్కపెట్టాను, తెరవలేదు. తెరిస్తే లేవాలి. లేస్తే ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. వేసుకుంటే వెళ్ళాలి. కాబట్టి మూసుకునే పడుకున్నాను. పదకొండయింది, పన్నెండయింది. ఫోను మోగుతుంటే ఆమే అని తెలుసు. పుస్తకం తీసి ఎనిమిది వేశాను. నాకోసమే పెట్టుకున్న ఈ పుస్తకంలో కూడా ఎనిమిదే వేశాను. ఎవరు చూస్తారని?

సిగ్గుగా ఉంది. ఎంత రాసినా ఈ మాటే వస్తోంది.

ఆగస్టు 18

డిపోలో ఏటా జరిగే కంటి పరీక్ష. ఎడమ కన్నుతో చివరి వరుస దాకా చదివాను. పరీక్ష చేసినాయన "ఈ వయసులో ఇలాంటి చూపు!" అని భుజం తట్టాడు. రేపటి నుంచి మళ్ళీ మొదటి బస్సు.

మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, రెండు నెలల తర్వాత నోరు తెరిచింది. "కన్ను కనబడుతోంది కదా. ఇంక చెప్పొచ్చుగా."

"ఏమిటి?"

"ఏమిటో మీకు తెలియకపోతే నాకూ తెలియదు" అంది.

సెప్టెంబరు 4

కొత్త కండక్టరు సీటులోంచి లేవడు. బెల్లు మాత్రం చక్కగా కొడతాడు.

సెప్టెంబరు 12

ఇవాళ మేనేజరుతో చెప్పాను. తలుపు వేసి అంతా చెప్పాను. కాగితం, పొర, నిద్ర, మూసుకున్న రెండు కళ్ళు. ఆయన వింటున్నంతసేపూ పెన్ను మూత తీసి పెడుతూ ఉన్నాడు.

"ఇప్పుడు కన్నెలా ఉంది?" అన్నాడు.

"బాగుంది."

"సర్టిఫికెట్టు చూశాను నేను. నీ చూపు నాకంటే బాగుంది. నన్నేం చెయ్యమంటావు? ఫైలు తిరగదోడితే ఆ అమ్మాయి అబద్ధం రాసిచ్చిందని తేలుతుంది. ఉద్యోగం రాదు సరికదా, కేసు అవుతుంది. నీదీ అంతే. అప్పీలప్పుడు చెప్పి ఉంటే వేరు. అప్పుడు నీ సీటు పోయేది, ఆమెది ఉండేదేమో." గడియారం చూశాడు. "నీ ట్రిప్పు టైమైంది. వెళ్ళు."

వెళ్ళాను. టైముకే తీశాను. నాలుగు ట్రిప్పులూ చేశాను.

సెప్టెంబరు 13

సెలవు పెట్టాను. చెల్లెమ్మ చెప్పుల దుకాణంలో చేస్తోందని మా ఆవిడే చెప్పింది. ఎప్పటి నుంచి తెలుసో అడగలేదు.

పెద్ద దుకాణం, అద్దాల తలుపులు, వరుసగా స్టూళ్ళు. ఎవరి పిల్లవాడి కాలికో బూటు తొడుగుతూ నేల మీద మోకాళ్ళ మీద ఉంది. నేను వెళ్ళి చివరి స్టూలు మీద కూర్చున్నాను. ఆ పని ముగించుకుని పాదం కొలిచే చెక్క పట్టుకుని వచ్చింది. తలెత్తకుండానే కిందికి వంగి, "ఏం చూపించమంటారండీ?" అంది. తర్వాత నా చెప్పులు చూసి గుర్తుపట్టింది.

"అన్నయ్యా" అంది. చెక్క నేల మీద పెట్టింది.

అమ్మ బాగుందా అని అడిగాను. బాగుందంది. పంతులమ్మ కర్ర పట్టుకుని నడుస్తోందట, ఆమె ఇప్పటికీ వెళ్ళి చూసొస్తుందట. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదని అనలేదు.

"మేనేజరుకి చెప్పేశానమ్మా" అన్నాను. "అంతా చెప్పేశాను. నీ తప్పేం లేదని, నాదేనని."

"ఎప్పుడు?"

"నిన్న."

ఆమె నా ఎడమ కంటిలోకి చూసింది. బస్సులో చుక్కలు వేశాక చూసేది, అలా.

"బాగైపోయింది కదూ?"

"బాగైపోయింది."

"పరీక్ష?"

"పాసయ్యాను."

"అంతా అయ్యాక చెప్పారన్నమాట" అంది. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. మామూలుగా అంది, టైమెంతయిందో చెప్పినట్టు. చెక్క తీసి నా కుడి కాలు దాని మీద పెట్టించింది, ఎడమ కాలు పెట్టించింది. "మీకు ఎనిమిదో నంబరు. ఉండండి, తెస్తాను" అని లేచి లోపలికి వెళ్ళింది.

కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. ఎనిమిదో నంబరు జత పట్టుకుని వేరే అమ్మాయి వచ్చింది.

వేసుకుని చూశాను. సరిపోయాయి.